మహాసర్పాన్ని చంపిన వీరుడు మన కొండల్లోనే వున్నాడు

ఉక్కు కవచం తొడుక్కున్న వీరుడు గుర్రం మీద వస్తాడు. ఎదురుగా కొండ. కొండలో గుహ. గుహలో బంగారపు రాశి. రాశి మీద చుట్టలు చుట్టుకుని పడుకున్న రెక్కల పాము. దాని నోటినుంచి నిప్పులు. ఆ పామును చంపితే బంగారమూ దక్కుతుంది, రాజకుమార్తె కూడా దక్కుతుంది. ఇంత మాత్రం చెబితే చాలు, మిగతా కథను ఏ పిల్లవాడైనా పూర్తి చేస్తాడు. చదువుకునే పిల్లలున్న ఇళ్ళలో ఇటువంటి నవల వొకటి అలమరలోనో, తలగడ కిందనో కనిపిస్తూనే వుంటుంది. సినిమాల సంగతి సరేసరి.

ఈ డ్రాగన్ల కథలను చూసి, ‘ఇవి మనవి కావు, సీమ సరుకు’ అని పెదవి విరిచే పెద్దలున్నారు. ‘మనకు ఇటువంటివి లేకనే పిల్లలు వాటి వెంట పడుతున్నారు’ అని నిట్టూర్చే పెద్దలూ వున్నారు. ఇద్దరి మాటా సరైనది కాదని నా మనవి. మహాసర్పాన్ని బాణంతో కొట్టి ఏడు ముక్కలు చేసిన వీరుడొకడు తెలంగాణలోనే, జైనూరు చుట్టుపట్ల కొండల్లో, తరతరాలుగా పాటలో బ్రతికి వున్నాడు. గోండులు ఆయనను పహండి కుపార్ లింగల్ అంటారు. ఆయన కథలో కవచం లేదు, బంగారం లేదు, బహుమానంగా దక్కే రాజకుమార్తె లేదు. అయినా సీమ వీరుల పక్కన నిలబెట్టి చూస్తే ఆయన అంగుళమైనా తగ్గడు. పైగా వొక్క విషయంలో వారందరికంటె ఎత్తుగా కనిపిస్తాడు. ఆ విషయమేమిటో చెప్పటానికే ఈ నాలుగు మాటలూ.

మాటలో దాగిన చుట్టరికం

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనుక ముందు మాటతోనే మొదలుపెడతాను. డ్రాగన్ అనే మాట గ్రీకు భాషనుంచి వచ్చింది. అక్కడ దాని రూపం ‘ద్రాకోన్’. చూడటం అనే అర్థమున్న ధాతువునుంచి అది పుట్టిందని పండితులు చెబుతారు. తీక్షణంగా చూసేది డ్రాగన్ అన్నమాట. మన సంస్కృతంలోని ‘దృశ్’ ధాతువూ, ఆ గ్రీకు ధాతువూ తోబుట్టువులు. అంటే మనం రోజూ వాడుకునే ‘దృశ్యం’, ‘దృష్టి’ అనే మాటలకు డ్రాగన్ దూరపు చుట్టం! కంటితో చంపే పామును ‘దృగ్విషం’ అనీ, కళ్ళే చెవులుగా గలది కనుక పామును ‘చక్షుశ్శ్రవం’ అనీ మన నిఘంటువులు చెబుతూనే వున్నాయి. పామును చూసినప్పుడు మనిషికి మొదట కనిపించేది దాని చూపేనని గ్రీకులకూ తోచింది, మనవారికీ తోచింది.

ఇక గోండీలో పామును ‘తరాస్’ అంటారు. తెలుగులో మనం ‘త్రాచు’ అంటాము. ఈ రెండూ వొకే ద్రావిడ ధాతువునుంచి పుట్టిన మాటలు. కొండ పైన వున్నవారూ, కొండ కింద వున్నవారూ పామును చూసి వొకే కేక వేసిన కాలం వొకటి వుండేదన్నమాట. ఇల్లు వేరుపడినా ఇంటిపేరు మిగిలినట్టు ఆ మాట మిగిలింది. కథ కూడా అలాగే మిగిలిందేమో ముందు ముందు చూద్దాము.

సీమ వీరులు

పాశ్చాత్యుల కథలలో చాలా పాతది బేవుల్ఫ్ కథ. మూడు వేల పైచిలుకు పాదాల ఆ పాత ఇంగ్లీషు కావ్యం మనదాకా వొకే వొక్క వ్రాతప్రతిలో వచ్చింది. ఆ ప్రతి సుమారు వెయ్యి సంవత్సరాల నాటిది. అందులో బేవుల్ఫ్ యౌవనంలో రాక్షసులను చంపి, యాభై ఏళ్ళు రాజ్యం చేసి, ముదిమిలో డ్రాగన్ మీదికి వెళతాడు. దాన్ని చంపి తానూ చస్తాడు. వెంట వచ్చిన యోధులలో వొక్కడు తప్ప మిగిలినవారందరూ అడవిలోకి పారిపోతారు. అంత ఉపద్రవానికి కారణమేమిటి? డ్రాగన్ కాపలా కాస్తున్న నిధిలోనుంచి ఎవడో వొక గిన్నె దొంగిలించాడు!

ఉత్తరదేశపు కథలలో ఫాఫ్నిర్ అనేవాడున్నాడు. వాడు మొదట పామే కాదు. బంగారం కోసం తండ్రిని చంపి, ఆ బంగారాన్ని కాచుకుంటూ కాచుకుంటూ పామైపోయాడు. ఇది వింటే మనకు కొత్తగా వుండదు. లంకెబిందెలు దాచినవాడు చచ్చి పామై ఆ నిధినే కాపలా కాస్తాడని మన పల్లెల్లో చెప్పుకోవటం లేదూ?

సెయింట్ జార్జి కథ పదమూడవ శతాబ్దపు పుణ్యకథల సంపుటంలో స్థిరపడింది. ఊరి బయట చెరువులో డ్రాగన్. దానికి రోజూ గొర్రెలు, గొర్రెలు చాలకపోతే చీట్లు వేసి మనుషులు. చివరికి చీటీ రాజకుమార్తె పేర వస్తుంది. ఆ సమయానికి జార్జి గుర్రమెక్కి అటుగా వస్తాడు. భారతం చదివినవారికి ఇక్కడ ఏకచక్రపురమూ, బకాసురుడూ, బండెడన్నంతో బయలుదేరిన భీముడూ గుర్తు రాకమానరు.

ఇటువంటి వీరుల కథలు చదివి చదివి మతి పోగొట్టుకున్న వొక పెద్దమనిషిని స్పెయిన్ దేశపు సెర్వాంటిస్ 1605లో సృష్టించాడు. ఆ డాన్ క్విక్సోట్ గాలిమరలను రాక్షసులనుకుని ఈటె ఎత్తి వాటి మీదికి పోయాడు. దానితో లోకం పగలబడి నవ్వింది. ఇక వీరుల కథలకు నూకలు చెల్లినట్లేననుకున్నారు. చెల్లలేదు. 1937లో ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు టోల్కీన్ ‘ది హాబిట్’ అనే పిల్లల నవల రాశాడు. ఆయన బేవుల్ఫ్ కావ్యాన్ని ఆపోశన పట్టిన పండితుడు. ఆయన డ్రాగన్ కూడా కొండలో బంగారం మీద పడుకునేదే, వొక గిన్నె పోయినందుకు మండిపడేదే. దాని రొమ్ము మీద రక్షణ లేని జాగా చూసి బార్డు అనే విలుకాడు బాణం వేస్తాడు. ఈనాడు మన పిల్లలు చదువుతున్న డ్రాగన్ల నవలలలో చాలావాటికి మూలపురుషుడు ఈ టోల్కీనే.

పాఠకులు వొక సంగతి గమనించే వుంటారు. బేవుల్ఫులోనూ, టోల్కీన్ నవలలోనూ డ్రాగన్ లేవటానికి కారణం దొంగతనం. వొకరి గుహలోనుంచి వొకరు గిన్నె ఎత్తుకుపోయారు. ఈ దొంగతనం మాట కాస్త గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాను.

జైనూరు కొండలు

జైనూరు ఒకప్పటి ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016నుంచి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో మండల కేంద్రంగా వున్నది. చుట్టూ టేకు అడవులు, ఎర్రమట్టి దారులు, పత్తి చేలు, జొన్న చేలు. సంతనాడు గోండీ, తెలుగు, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు వొకే చోట వినిపిస్తాయి. కొలాములున్నారు, ప్రధానులున్నారు, తోటీలున్నారు. అందరిలో పెద్ద సంఖ్య రాజగోండులది.

ఈ మండలంలోని మార్లవాయి చిన్న గ్రామమే కాని దాని పేరు సముద్రాలు దాటింది. 1940లో జోడేఘాట్ దగ్గర కుమురం భీం పోలీసు తుపాకులకు బలి అయిన తరువాత, ఈ కొండవారి బాధ ఏమిటో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. ఆ పని మీద వచ్చిన ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, భార్య బెట్టీతో కూడా మార్లవాయిలో గుడిసె వేసుకుని కాపురమున్నాడు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు తయారైనాయి. 1948లో ఆయన ఆదిలాబాదు రాజగోండుల పురాణాలనూ, పూజా విధానాలనూ గూర్చి పెద్ద గ్రంథం వెలువరించాడు. 1987లో హైదరాబాదులో కన్నుమూసిన బెట్టీని మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో మరణించిన హైమండార్ఫ్ అవశేషాలు కూడా చివరికి ఆమె పక్కకే చేరినాయి. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు కూడా ఈ మార్లవాయివాడే. 2024లో ఆయన వెళ్ళిపోయాడు.

ఇంతకూ లింగల్ కథను పాడేవారెవరు? ప్రధానులు, తోటీలు. ప్రధానుల ఇంటి భాష మరాఠీ. అయినా గోండుల పురాణం వారి నోటనే వుంటుంది. చేతిలో కింగ్రీ అనే మూడు తీగల వాద్యం. ఆ తీగలు గుర్రపు వెంట్రుకలవి, మీటటం వుండదు, కమానుతో వాయిస్తారు. ఏ ప్రధాను కుటుంబం ఏ గోండు ఇంటివారికి పాడాలో తాతల నాడే నిర్ణయమై వున్నది. పెర్సాపేన్ పూజకు పాడాలి, చావు కర్మలకు పాడాలి. పాడినందుకు ధాన్యం, పశువు, బట్ట ఇవ్వటం గోండు ఇంటి ధర్మం. అంటే ఈ కథ పొద్దుపోక చెప్పుకునే కథ కాదు. వొక జాతి తన గోత్రాలనూ, దేవుళ్ళనూ, పెళ్ళి సంబంధాలనూ గుర్తుంచుకునే పద్దు పుస్తకం.

లింగల్ చేసిన పని

ఈ పాటను మొట్టమొదట కాగితం మీద పెట్టినవాడు నాగపూరులో వుండిన స్కాట్లండు మిషనరీ స్టీఫెన్ హిస్లాప్. వొక ప్రధాను పాడగా వ్రాయించుకున్నాడు. 1863లో వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. ఆయన కాగితాలను రిచర్డ్ టెంపుల్ 1866లో అచ్చు వేయించాడు. 1871లో కెప్టెన్ ఫోర్సిత్ ఆ పాటనే అమెరికా కవి లాంగ్‌ఫెలో ‘హయావతా’ ఛందస్సులోకి దించి ఇంగ్లీషు చదువరులకు వినిపించాడు. ఆదిలాబాదులో పాడే పాఠాలకూ, హిస్లాప్ పాఠానికీ తేడాలున్నాయి. ఇక్కడి పాఠాలలో జంగుబాయి తల్లికీ, మొదటి ప్రధాను హీరాసుకకూ పెద్ద పీట. నేను చెప్పబోయే సర్పవధ హిస్లాప్ పాఠంలోనిది.

గోండు దేవతల సంతతిని మహాదేవుడు వొక కొండ గుహలో పెట్టి, పదహారు మూరల బండ అడ్డం వేయించి, భస్మాసురుణ్ణి కాపలా పెట్టాడు. నలుగురు మాత్రం తప్పించుకున్నారు. పువ్వులో పుట్టిన లింగల్ వారిని కలుసుకుని అన్నదమ్ములుగా చేసుకున్నాడు. నిప్పు తెచ్చి ఇచ్చాడు, సేద్యం నేర్పాడు, పెళ్ళిళ్ళు చేయించాడు. వచ్చిన భార్యలు వేసిన నీలాపనింద నమ్మి ఆ అన్నదమ్ములే ఆయనను చంపి కళ్ళు పెరికారు. దేవుడు అమృతం పంపి బ్రతికించాడు. బ్రతికి లేచినవాడు ఏం చేయాలి? పగ తీర్చుకోవాలి, లేదా తన దారిన తాను పోవాలి. లింగల్ ఆ రెండూ చేయలేదు. గుహలో మగ్గుతున్న మిగతా జనం ఎక్కడున్నారని చంద్రుణ్ణి అడిగాడు, సూర్యుణ్ణి అడిగాడు. జాడ తెలుసుకుని మహాదేవుణ్ణి గూర్చి తపస్సు చేశాడు.

మహాదేవుడు ప్రత్యక్షమై, నీ జనం సంగతి వదిలి ఇంకేదైనా కోరుకోమన్నాడు. లింగల్ తనకు తన గోండులు తప్ప మరేమీ వద్దన్నాడు. సరే, అట్లయితే సముద్రపు ఒడ్డున వున్న బిందో అనే నల్లపక్షి పిల్లలను తెచ్చి ఇవ్వు, నీవాళ్ళను విడుస్తానన్నాడు దేవుడు.

లింగల్ సముద్రతీరం చేరాడు. గూట్లో పిల్లలున్నాయి. తల్లీ తండ్రీ మేతకు పోయినాయి. ఇంతకంటె మంచి అదను ఏం కావాలి? చేయి చాపితే పని అయిపోతుంది. కాని లింగల్ చేయి చాపలేదు. తల్లిదండ్రులు లేని సమయంలో పిల్లలను ఎత్తుకుపోతే తనను దొంగ అంటారని, వాటి ఎదుటనే తీసుకువెళతాననీ అనుకుని అక్కడే కూర్చున్నాడు.

అప్పుడు సముద్రంలోనుంచి లేచింది భౌర్‌నాగ్ అనే మహాసర్పం. చెట్టు మానంత లావు. చేటంత పడగ. బిందో పక్షి ఎన్నిసార్లు పిల్లలను చేసినా అన్నిసార్లూ మింగిపోయింది ఇదే. పిల్లలు కీచుమన్నాయి. లింగల్ బాణం ఎక్కుపెట్టి కొట్టాడు. సర్పాన్ని ఏడు ముక్కలు చేశాడు. తిరిగి వచ్చిన పక్షులు పిల్లలు బ్రతికి వుండటం చూసి, ఇది చేసినవాడెవడో తెలుసుకుని, నీకేం కావాలో అడగమన్నాయి. మీ పిల్లలు కావాలి అన్నాడు లింగల్. అవి పిల్లలను ఇవ్వటమే కాక తామూ వెంట బయలుదేరాయి. వొక పక్షి మోసింది, రెండవది రెక్కలు చాపి ఎండ తగలకుండా నీడ పట్టింది. మహాదేవుడు మాట తప్పలేకపోయాడు. బండ తొలిగింది, జనం వెలుతురులోకి వచ్చారు.

వీరుడు పామును చంపటం లోకంలో ఎన్నో కథలలో వున్నది. 1910లో ఫిన్లండు పండితుడు ఆర్నె జానపద కథలకు పట్టిక వేసినప్పుడు సర్పసంహారం కథకు మూడు వందల నంబరు ఇచ్చాడు. కాని గూటి దగ్గర చేయి వెనక్కు తీసుకున్న వీరుడు ఎంతమందికి దొరుకుతాడు? అక్కడ గిన్నె దొంగతనంతో కథ మొదలవుతున్నది. ఇక్కడ దొంగతనం చేయనన్న పట్టుదలతో కథ మలుపు తిరుగుతున్నది. లింగల్ పిల్లలను ఎత్తుకుపోయి వుంటే పాము వచ్చేసరికి గూడు ఖాళీ. అప్పుడు యుద్ధమూ లేదు, వీరత్వమూ లేదు. ఆయనను వీరుణ్ణి చేసింది బాణం కాదు, ఆ కూర్చోవటం.

ఈ సంగతి నాకు ఇంత స్పష్టంగా తోచటానికి మా క్లాసులోని వొక గోండు విద్యార్థిని కారణం. డ్రాగన్ నవల వొకటి చేతులు మారుతూ క్లాసులోకి వస్తే దాని మీద మాట సాగింది. ఆ పిల్ల లేచి, “సార్, గిది మా లింగల్ కత లెక్కనే వున్నది. కని మా కతల బంగారం వుండది,” అన్నది.

“మరేం వుంటుందమ్మా?” అన్నాను.

“పక్షి పిల్లలుంటయి సార్. గాటి అవ్వ నాయిన వచ్చేదాంక లింగల్ ఆడ్నే కూసుంటడు.”

ఇంత చిన్న మాటలో కథ ప్రాణమంతా పట్టుకోవటం ఎందరు విమర్శకుల వల్ల అవుతుంది?

బాలనాగమ్మ ఇంటి దారి

ఈ పక్షి పిల్లలను ఇంతకు ముందెక్కడో చూసినట్టున్నదే అని పాఠకులకు తోచవచ్చు. బాలనాగమ్మ కథ తెలియని తెలుగువారుండరు. 1942లో జెమినీవారు కాంచనమాలతో తీసిన సినిమా చూడనివారు కూడా బుర్రకథగానో, బామ్మ నోటనో విన్నవారే. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో వుంటుంది. తల్లిని విడిపించటానికి బాలవర్ధిరాజు బయలుదేరతాడు.

ఈ కథకు దగ్గరి చుట్టం 1868లో ఇంగ్లీషులో అచ్చయింది. మేరీ ఫ్రేర్ అనే ఆమె తన ఆయా అన్నా లిబరేటా డిసౌజా చెప్పగా రాసుకున్న దక్కను కథలలో అది వున్నది. అందులో రాజకుమార్తె పేరు బాల్నా! మాంత్రికుడి ప్రాణమున్న చిలక కోసం పోతున్న ఆమె కొడుకు, దారిలో వొక చెట్టు మీది గద్ద పిల్లలను మింగబోతున్న పామును చంపుతాడు. కృతజ్ఞతతో ఆ గద్ద పిల్లలే అతణ్ణి సముద్రం దాటిస్తాయి.

చూడండి చిత్రం. వొక పక్క బామ్మలు చెప్పే బాలనాగమ్మ, ఇంకొక పక్క ఆయా చెప్పిన బాల్నా, వేరొక పక్క ప్రధాను కింగ్రీ మీద లింగల్. మూడు కథలలోనూ చెరలో వున్న తమవారిని విడిపించటానికి వొకడు బయలుదేరాడు. పామును చంపి పక్షిని రక్షించటం రెండింటిలో అచ్చు వొకే తీరు. తరాసుకూ త్రాచుకూ వున్న చుట్టరికమే ఈ కథలకూ వున్నది కాబోలు. మన పిల్లలు డ్రాగన్ల నవల కోసం లండను దాకా పోనవసరం లేదు. ఉట్నూరు దాకా బస్సు చాలు.

చంపిన పాము, మొక్కిన పాము

ఆనాడు క్లాసులోనే వెనక బెంచీనుంచి వొక కుర్రవాడు మరొక ప్రశ్న వేశాడు. “సార్, కేస్లాపూర్ల నాగోబాకు మొక్కుతరు గద. మరి లింగల్ పామునెట్ల చంపిండు?”

మంచి ప్రశ్న. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూరులో ప్రతి సంవత్సరమూ పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు మహాపూజ జరుగుతుంది. మెస్రం వంశంవారు తెల్లబట్టలు కట్టుకుని, కాలినడకన జన్నారం వైపు హస్తినమడుగు దాకా పోయి, గోదావరి నీరు తెచ్చి నాగదేవతకు అభిషేకం చేస్తారు. సిరికొండ కుమ్మరులు చేసిన కుండలలో వంట. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్ళు ముసుగు వేసుకుని దేవుడి ముందుకు వస్తారు. దానిని భేటింగ్ అంటారు. అది జరిగితేనే ఆ అమ్మాయి మెస్రం ఇంటి మనిషి. 1940లలో హైమండార్ఫ్ ప్రోత్సాహంతో మొదలైన దర్బారు ఈ జాతరలో ఇప్పటికీ సాగుతున్నది. అధికారులు వచ్చి గిరిజనుల విన్నపాలు వింటారు.

వొకే కొండల్లో వొక పాట పామును చంపుతున్నది, వొక జాతర పామును పూజిస్తున్నది. ఇది పొరపాటు కాదు. మన ప్రాచీనులది కూడా ఇదే తీరు. ఇంద్రుడు వృత్రుణ్ణి చంపాడు, నీళ్ళు విడిచిపెట్టాడు. కాని కృష్ణుడు కాళీయుణ్ణి చంపలేదు, మడుగు వదిలి పొమ్మన్నాడు. ఆదిపర్వంలో జనమేజయుడు సర్పజాతినే హోమంలో వేయబోతే ఆస్తీకుడు అడ్డుపడి ఆపాడు. నన్నయ్యగారి ఉదంకుడు నాగలోకంలో నాగులను స్తుతించిన ఘట్టం తెలుగు విద్యార్థులందరికీ కంఠస్థమే. ఇక శ్రీహర్షుడి ‘నాగానందం’ చూడండి. అందులో వీరుడైన జీమూతవాహనుడు పామును చంపడు. గరుత్మంతుడికి ఆహారం కావలసిన శంఖచూడుడనే నాగ కుర్రవాడి బదులు తానే బలిపీఠమెక్కుతాడు.

ఇక్కడ పాము జాతి శత్రువు కాదు. తప్పు చేసిన పాము వేరు, పుట్టలో వున్న పాము వేరు. భౌర్‌నాగ్ చచ్చింది పామైనందుకు కాదు, గూట్లోని పసివాటిని మింగినందుకు. సీమ డ్రాగన్ పుట్టుకతోనే పాపి. మన దగ్గర విచారణ జరిగిన తరువాతనే శిక్ష. ఇదే నేను ఆ కుర్రవాడికి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, “గట్లనా సార్,” అని కూర్చున్నాడు. తృప్తి పడ్డాడో లేదో తెలియదు కాని ప్రశ్న మాత్రం నాలో వున్న తాళాన్ని తెరిచింది.

పేరు లేని కథకులు

తెలుగులో ఇటువంటి సాహస నవలలు లేకపోలేదు. 1947లో పుట్టిన ‘చందమామ’లో, 1954నుంచి, ‘తోకచుక్క’ మొదలుకొని ‘భల్లూక మాంత్రికుడు’ వరకు పన్నెండు ధారావాహికలు వచ్చాయి. కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు, వాడి వెంట పడే ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికులు, ‘యక్షపర్వతం’లోని ఖడ్గవర్మ, జీవదత్తులు మన వీరులు కారా? చిత్రాగారి బొమ్మలు చూసి రాత్రి వసారాలోకి పోవటానికి భయపడిన తరం ఇంకా వున్నది. అవి రాసిన దాసరి సుబ్రహ్మణ్యంగారి పేరు పత్రికలో ఆ కథల కింద పడేది కాదు. లక్షల మంది చదివారు, రాసినవారెవరో చాలామందికి తెలియదు. 2010లో ఆయన పోయిన చాలాకాలానికి కూడా ‘ఓహో, అవి ఈయనవా’ అని ఆశ్చర్యపోయినవారున్నారు.

ప్రధాను గాయకుడి గతి కూడా అదే. కాని వొక తేడా వున్నది. సుబ్రహ్మణ్యంగారి కథలు అచ్చులో మిగిలాయి. ప్రధాను పాట పాడేవాడి గొంతుతోనే పోతుంది. పాడించుకునే ఇళ్ళు తగ్గాయి, ధాన్యం కొలిచే ఆచారం సన్నగిల్లింది, కింగ్రీ పట్టవలసిన కుర్రవాడు కూలికో, ఉద్యోగానికో పట్నం పోతున్నాడు. పొమ్మని మనమే చెబుతున్నాము కూడా. కడుపు నిండని విద్యను మనవడికి నేర్పలేదని తాతను తప్పు పట్టగలమా?

గోండీ మాట్లాడేవారు 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 29 లక్షల 84 వేల పైచిలుకు. అంత మంది మాట్లాడే భాషకు రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో చోటు లేదు. ఆరు రాష్ట్రాలలో చెదిరి వున్న ఆ భాషను వొక చోట తెలుగు లిపిలో, వొక చోట నాగరిలో రాస్తారు. ఈ జైనూరుకు దగ్గరలోనే, నార్నూరు మండలం గుంజాలలో గోండీ వ్రాతప్రతులు బయటపడినాయి. వాటి లిపి ప్రత్యేకమైనది. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారి వంటివారి కృషితో అది లోకానికి తెలిసింది. 2018లో ఆ గుంజాల గోండీ లిపికి యూనికోడ్‌లో స్థానం దొరికింది. ఇప్పుడు కంప్యూటరు మీద, సెల్‌ఫోను మీద లింగల్ పేరు ఆయన జాతి లిపిలోనే రాయవచ్చును. రాయటానికి అక్షరాలున్నాయి. రాయవలసినవారూ, చదవవలసినవారూ తయారు కావాలి.

గూటి దగ్గర నియమం

ఈ కథను తెలుగులో మంచి నవలగా ఎవరైనా రాయకూడదా అని మిత్రులు అడుగుతుంటారు. గుహ వున్నది, కాపలా రాక్షసుడున్నాడు, చచ్చి బ్రతికిన వీరుడున్నాడు, మహాసర్పమున్నది, ఆకాశంలో నీడ పట్టే పక్షులున్నాయి. ఇంతకంటె ఏం కావాలి? బొమ్మలు వేయించి వారంవారం వేస్తే పిల్లలు ఎగబడి చదువుతారు. వ్యాపారం చేయదలచినవాడికి సినిమా కూడా దొరుకుతుంది.

రాయాలనే నా కోరిక. కాని రాయబోయేవారు లింగల్ పెట్టుకున్న నియమాన్ని తామూ పెట్టుకోవాలి. ఈ పాట ప్రధానుల గూటిలో పెరిగిన పక్షి పిల్ల. గోండులకది పురాణం, పూజలో భాగం. వారు మేతకు పోయిన సమయం చూసి, గ్రంథాలయంలోని ఇంగ్లీషు పుస్తకంలోనుంచి కథ ఎత్తుకుపోయి, పేర్లు మార్చి అమ్ముకుంటే దాన్నేమనాలో లింగలే చెప్పాడు. అందువలన ముందు ఆ ఇంటికి పోవాలి. గాయకుణ్ణి కూర్చోబెట్టి, గౌరవించి, కూలి గిట్టేటట్టు ఇచ్చి పాడించుకోవాలి. ఏది అందరికీ చెప్పవచ్చునో, ఏది పూజలో తప్ప పలకకూడదో వారినే అడగాలి. పుస్తకం మీద వారి పేరు వుండాలి, వచ్చిన దానిలో వారి వాటా వుండాలి. అన్నిటికంటె మంచిది, ఆ నవలను వొక గోండు పిల్లో, ప్రధాను పిల్లవాడో రాయటం. క్లాసులో లేచి నిలబడి వొక్క మాటతో నా చేత ఇంత రాయించిన ఆ విద్యార్థినికి ఆ శక్తి వున్నదనే నా నమ్మకం.

ఈ లోపల మనం చేయగలిగిన చిన్న పని వొకటున్నది. ఇంట్లో పిల్లవాడు డ్రాగన్ నవల చదువుతుంటే కసరవద్దు. చదవనివ్వండి. బేవుల్ఫూ, జార్జీ కూడా మంచివాళ్ళే. పుస్తకం మూసి నిద్రకు వచ్చినప్పుడు మాత్రం, “మన కొండల్లో కూడా వొకడు పామును చంపాడురా, కాని దానికి ముందు వాడు ఏం చేశాడో తెలుసునా?” అని అడగండి. ఏం చేశాడని వాడు అడగక మానడు. అప్పుడు గూటి సంగతి చెప్పండి.